పన్ను విడదీయడమంటే మాటలా!

ఇప్పటి పిల్లలకి పన్నంటే తెరమీద ఒక రంగు. ముందుపన్ను గులాబీ, దాని పక్కది ఆకుపచ్చ, కోరపన్ను నారింజ, చిగురు బూడిద. మీట నొక్కితే ఒక చక్రం గిర్రున తిరుగుతుంది. కాఫీ కప్పు ఎత్తి పెదవికి ఆనించేలోపు పై దవడలోని పద్నాలుగు పళ్ళూ దేనికది విడిపోయి, రంగులేసుకుని, నెంబర్లు తగిలించుకుని కూర్చుంటాయి. సెగ్మెంటేషన్ అంటారు దీన్ని. నోటికి త్రీడీ స్కాన్ తీసి ఇస్తే, ఏది ఏ పన్నో, పన్ను ఎక్కడ ఆగి చిగురు ఎక్కడ మొదలైందో కంప్యూటరే తేల్చేస్తుంది. బాగుంది నాయనా, చాలా బాగుంది. మా రోజుల్లో ఈ పనికి రంపం పట్టాల్సి వచ్చేది.

నవ్వకు. నిజంగా రంపమే. ఫ్రెట్ సా అని, వెంట్రుకకి కాస్త పెద్దన్నయ్యంత బ్లేడు ఉండేది. ఊపిరి గట్టిగా వదిలితే తెగిపోయేది.

నేను డాక్టర్ని కాను, ముందే చెప్పేస్తున్నా. డెంటల్ మెకానిక్‌ని. 1948 నాటి దంతవైద్యుల చట్టంలో మావాళ్ళకి ఆ పేరే రాసి ఉంది. పెళ్ళిచూపుల నాడు మా మామగారు "మెకానిక్కంటే ఏ షెడ్డులో బాబూ?" అని అడిగితే, మా నాన్న కంగారుపడి "ఆసుపత్రి పనండీ" అని సర్దేశాడు. ఆ ఒక్క మాట పట్టుకుని మా అత్తగారి ఊళ్ళో జ్వరమొస్తే ఇప్పటికీ నాకే ఫోన్ చేస్తారు. సరే, అదెందుకులే. కోఠిలో మేడమీద మా ల్యాబు, కింద ఇరానీ హోటలు. సుల్తాన్ బజార్, అఫ్జల్‌గంజ్ క్లినిక్కుల నుంచి పళ్ళ అచ్చులు తడిగుడ్డలో చుట్టుకుని సైకిళ్ళ మీద వచ్చేవి. తడిగుడ్డ ఎందుకంటావా? ఆల్జినేట్ ఆరిపోతే కుంచించుకుపోతుంది. అది సముద్రపు నాచునుంచి తీసే సరుకు. రెండో ప్రపంచయుద్ధంలో జపాను నుంచి అగర్ దొరకడం కష్టమైతే దాని బదులు వాడకంలోకి వచ్చింది. కుర్రాడు దారిలో టీ తాగడానికి ఆగాడంటే ఆ పేషెంటు దవడ ఆమేరకు చిన్నదయ్యేది. అందుకే మేం సైకిలు కుర్రాళ్ళకి టీ మేడమీదే ఇచ్చేవాళ్ళం.

ఆ అచ్చు తీయడం మాత్రం ఎంత పెద్ద తంతు! ట్రేనిండా ఆల్జినేట్ పెట్టి నోట్లోకి తోస్తే రెండు మూడు నిమిషాలు అలా పట్టుకోవాలి. పేషెంటుకి డోకు, కళ్ళనీళ్ళు, గడ్డం మీంచి చొంగ. డాక్టరు భుజం మీద చెయ్యేసి "ముక్కుతో పీల్చండమ్మా, అయిపోయింది, అయిపోయింది" అంటూ ఉండేవాడు. డాక్టరుకీ పేషెంటుకీ ఆత్మీయత అలా పుట్టేది. ఇప్పుడో? లావుపాటి స్కానరు కర్ర ఒకటి పళ్ళమీదుగా అటూ ఇటూ తిప్పుతారు, అంతే. డోకు లేదు, చొంగ లేదు. ఆత్మీయత ఎక్కణ్ణుంచి వస్తుంది? మొన్నామధ్య నాకూ తీశారు. గొంతులో ఏమీ అడ్డుపడలేదు. అది నచ్చలేదని చెప్పడానికి నోరు తెరిచాను గానీ, కారణం దొరక్క మళ్ళీ మూసుకున్నాను.

మళ్ళీ రంపం దగ్గరికి వద్దాం. 1945లో అమెరికాలో కెస్లింగ్ అనే ఆర్థోడాంటిస్టు ఒక ఉపాయం చెప్పాడు. పళ్ళ వరస వంకరగా ఉన్నవాడి దవడకి ప్లాస్టర్ నమూనా పోసి, అందులోంచి పళ్ళను ఒక్కొక్కటే కోసి, మైనంలో చక్కటి వరసలో మళ్ళీ నాటితే, వైద్యం పూర్తయ్యాక నోరెలా ఉండాలో ముందే కళ్ళకి కట్టొచ్చన్నాడు. ఆ సరిచేసిన వరస మీద రబ్బరు పొజిషనర్ చేసి పేషెంటు నోట్లో పెట్టించేవాడు. ఇప్పుడు మీరంతా పారదర్శకమైన అలైనర్లని నోట్లో బిగించుకుని, మాట నంగిగా వస్తుంటే అదో ఫ్యాషన్ అనుకుని తిరుగుతున్నారే, వాటికి తాతగారు ఆయనే. తాతగారి పేరు ఒక్కరికీ తెలీదు. అడిగితే ఫోన్ తీస్తారు.

కోయడం ఎలాగో చెబుతాను, విను. ఎలాగూ నీకు పనికిరాదు. ముందు ప్రతి పన్నుమీదా పెన్సిలుతో నెంబరు. తరవాత చిగురు గీతకి కాస్త ఎడంగా, ఓ మూడు మిల్లీమీటర్లు వదిలి, అడ్డంగా ఒక కోత. ఆపైన పన్నుకీ పన్నుకీ మధ్య నిలువుకోత. విద్యంతా ఇక్కడే ఉంది. రెండు పళ్ళూ ఒకదాన్నొకటి తాకే చోటుదాకా రంపం పోకూడదు. పోయిందా, పన్ను వెడల్పు రంపం పొట్టులో కలిసిపోతుంది. కింది ముందుపన్ను మొత్తం వెడల్పే అయిదు, అయిదున్నర మిల్లీమీటర్లు. అందులో ఇటు కాస్త, అటు కాస్త గీరుకుపోతే కొత్త వరస మొత్తం అబద్ధం. అందుకని తాకే చోటుకి కొంచెం ముందే రంపం ఆపి, బొటనవేలితో నొక్కి, తాటితేగ విరిచినట్టు టక్కున విరవాలి. కుదిరితే పన్ను చెక్కుచెదరకుండా చేతిలోకి వస్తుంది. కుదరకపోతే నడుముకి విరుగుతుంది. అప్పుడు జిగురు. జిగురు పెట్టిన పన్ను కూడా పన్నేనని మా ఉస్తాద్ సిద్ధాంతం. ఆ సిద్ధాంతాన్ని డాక్టర్లకి ఎన్నడూ వివరించలేదు.

ఉస్తాద్ నా చేతికి చాన్నాళ్ళు రంపమే ఇవ్వలేదు. సబ్బుబిళ్ళలిచ్చి పళ్ళు చెక్కమన్నాడు. పై కోరపన్నుకీ కింది కోరపన్నుకీ తేడా కళ్ళుమూసుకుని వేలితో తడిమి చెప్పాలి. కుడివైపు దవడపన్నో ఎడమవైపుదో చేతిలో పెట్టగానే చెప్పాలి. తప్పితే తిట్టేవాడు కాదు, ఇంకో సబ్బు ఇచ్చేవాడు. చెక్కిన సబ్బులు పారేయడానికి మనసొప్పక ఇంటికి తెచ్చేవాణ్ణి. మా ఇంట్లో కొన్నేళ్ళు అందరూ దవడపళ్ళతోనే స్నానం చేశారు.

ఇప్పుడా తడిమి చెప్పడం కంప్యూటర్ నేర్చుకుందట. ఎలాగో మా తమ్ముడి మనవరాలు చెప్పింది. అడక్కపోయినా చెబుతుంది. గచ్చిబౌలిలో ఒక డిజిటల్ డెంటల్ ల్యాబులో డిజైనరు. ల్యాబంటే అక్కడ ప్లాస్టర్ మరక ఒక్కటి లేదు. ఏసీ గది, తెల్లటి బల్లలు. ఈ శుభ్రతలో పళ్ళెలా పుడతాయో నాకు అర్థం కాలేదు. "పెద్ద తాతయ్యా, స్కాన్ అంటే లోపల గట్టిగా ఏమీ ఉండదు, పైపొర ఒక్కటే, అదీ చిన్న చిన్న త్రికోణాలతో కట్టిన పొర" అంది. ఒక దవడకి లక్షకు పైగా త్రికోణాలు కూడా ఉంటాయట. ఏ త్రికోణం ఏ పన్నుదో, ఏది చిగురుదో పేరు పెట్టడమే పనంతా. అంటే మేం పెన్సిలుతో ఒక పన్నుకి ఒక నెంబరు వేస్తే, వీళ్ళు ఒక పన్నుకి వేలసార్లు వేస్తారన్నమాట. దండగ.

మొదట్లో పద్ధతి మహా సాదాగా ఉండేదట. పన్ను ఉబ్బుగా ఉంటుంది, చిగురూ ఉబ్బుగానే ఉంటుంది, రెండూ కలిసేచోట చిన్న లోయ. ఉపరితలం ఎక్కడ ఎంత వంగిందో లెక్కగట్టి, లోయలున్న చోటల్లా గీత గీసుకుంటూ పోతే పళ్ళు విడిపోవాలి. చెప్పుకోడానికి ముచ్చటగా ఉంది గానీ, దవడపన్ను నెత్తిమీద చూడు, అక్కడ ఉన్నవన్నీ లోయలే! యంత్రం ఒక దవడపన్నుని నాలుగు ముక్కలు చేసి నాలుగు పళ్ళంటుంది. ఇంకోపక్క కింది ముందుపళ్ళు కిక్కిరిసి ఒకదానిమీదొకటి ఎక్కి ఉంటే మధ్యలో లోయే కనపడదు. స్కానరు వెలుతురు ఆ సందులోకి దూరదు, దూరనిచోట అదే ఏదో ఊహించి పూడ్చేస్తుంది, రెండు పళ్ళూ ఒకటే అంటుంది. అందుకని మనిషి పక్కన కూర్చుని మౌస్‌తో చుక్కలు పెట్టి దారి చూపించాలి. ఆ కాలం కంప్యూటర్లంటే నాకు గౌరవం. పెద్దవాళ్ళని అడిగి పనిచేసేవి.

ఆ పని మనుషులు ఎలా చేశారో కూడా చెప్పాలి. 1997లో కాలిఫోర్నియాలో అలైన్ టెక్నాలజీ అనే కంపెనీ మొదలైంది, ఇన్విజలైన్ వాళ్ళదే. మొదట్లో వాళ్ళకి నోట్లో తిప్పే స్కానర్లు లేవు. మా మాదిరే అచ్చు, ప్లాస్టరు. ఆ నమూనాని రెసిన్‌లో పాతేసి, పొర తరవాత పొర చెక్కేస్తూ, ఒక్కో పొరకీ ఫోటో తీసి, ఆ ఫోటోలన్నీ పేర్చి కంప్యూటర్లో దవడ కట్టేవాళ్ళు. పని అయ్యేసరికి అసలు నమూనా పొట్టయిపోయేది. ఎంత పాపం! మేం రంపం పట్టినా చివరికి పళ్ళు పళ్ళుగానే మిగిలేవి కదా. ఇక తెరమీదకెక్కిన పళ్ళను సరిచేసి వరసలు పేర్చే పని లాహోర్‌లో టెక్నీషియన్లు చేసేవాళ్ళు. 2001 తరవాత అది కోస్టారికాకి తరలిపోయింది. అమెరికావాడి వంకరపన్నుని లాహోర్‌లో కూర్చుని ఒకడు తిన్నగా జరిపాడని విన్నప్పుడు నాకు గర్వం కలిగింది, మన చేతివాటం వాడే అయ్యుంటాడని. ఆ వెంటనే అసూయ కలిగింది. నాకెవరూ చెప్పలేదే ఆ ఉద్యోగం సంగతి! చెప్పినా మౌస్ పట్టడం రాదనుకో, అది వేరే సంగతి.

ఆ తరవాత వచ్చింది నేర్చుకునే యంత్రం. 2017లో స్టాన్‌ఫోర్డ్ వాళ్ళు పాయింట్‌నెట్ అని ఒకటి చేశారట. త్రీడీ చుక్కల గుంపుని అలాగే మింగి, ఏ చుక్క దేనిదో చెబుతుంది. రెండేళ్ళకి అదే దారిలో పళ్ళకోసమే మెష్‌సెగ్‌నెట్ వచ్చింది. లక్ష త్రికోణాలు మోయలేక వాటిని పదివేలకి కుదించుకుని మరీ నేర్చుకుంటుందట. సబ్బుబిళ్ళ లేదు, ఉస్తాద్ లేడు. కరెంటు మాత్రం బోలెడు.

నేను ఊరుకుంటానా? "మరి పన్ను లేనివాడి సంగతేంటమ్మా?" అన్నాను. పిల్ల కాస్త తటపటాయించింది. అక్కడ దొరికిపోయింది. పళ్ళ నెంబర్ల సంగతి నీకు తెలుసో లేదో. నోటిని నాలుగు భాగాలు చేసి, పై కుడివైపుకి ఒకటి, పై ఎడమకి రెండు, కింది ఎడమకి మూడు, కింది కుడికి నాలుగు. ప్రతి భాగంలో నడిమధ్య నుంచి వెనక్కి ఒకటి నుంచి ఎనిమిది. అంటే పై కుడి ముందుపన్ను 11, కింది కుడి జ్ఞానదంతం 48. అమెరికావాళ్ళు మాత్రం ఒకటి నుంచి 32 వరకూ వరసగా లెక్కపెడతారు, వాళ్ళ మైళ్ళూ పౌన్లూ వాళ్ళవే కదా. ఇప్పుడు బ్రేసులు వేయడానికి చోటు చాలక నాలుగోపన్ను తీయించుకున్నవాడు వచ్చాడనుకో. అయిదోది ముందుకి జరిగి నాలుగోదాని కుర్చీలో కూర్చుంటుంది. రెండూ అన్నదమ్ములే, పోలికలు దగ్గర. యంత్రం కుర్చీ చూసి "14" అంటుంది. కూర్చున్నది 15. పాలపళ్ళూ గట్టిపళ్ళూ కలిసి ఉన్న చిన్నపిల్లల నోళ్ళయితే ఇంకా గందరగోళం. మా ల్యాబులో ఎంత మందమతిని అడిగినా "కార్డు చూడండి సార్, పన్ను తీయించినట్టు రాసి ఉంటుంది" అనేవాడు. స్కాన్ ఒక్కటే చూసే యంత్రానికి కార్డు ఎవరు చూపిస్తారు?

అయితే ఒక్క సంగతి విని మాత్రం నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. ఈ యంత్రాలకి పరీక్షపెట్టడానికి 2022లో సింగపూర్‌లో జరిగిన మిక్కాయ్ అనే వైద్యచిత్రాల సభలో ఒక పోటీ పెట్టారు. 900 మంది నోళ్ళు, పై దవడ ఒకటి, కింది దవడ ఒకటి, మొత్తం 1800 స్కాన్లు, దాదాపు 24,000 పళ్ళు. ప్రతి పన్నుకీ హద్దు, నెంబరు ముందే సిద్ధంచేసి పెట్టారు. ఎవరు సిద్ధం చేశారనుకున్నావ్? మనుషులే! దంతవైద్యం తెలిసినవాళ్ళు ఒక్కో దవడా తిప్పిచూసి సరిచేసిన హద్దులవి. యంత్రానికి సబ్బుబిళ్ళలు ఇవేనన్నమాట. ఉస్తాద్ లేడనుకున్నాను, ఉన్నాడు, తెర వెనకాల కూర్చోబెట్టారు. ఈ మాట మా పిల్లకి నాలుగుసార్లు చెప్పాను. అయిదోసారి చెవిలో ఏదో పెట్టుకుంది.

స్కానరు చూసేది చిగురు పైన ఉన్నదే. చిగురు కింద వేరు సంగతో? దానికి సీబీసీటీ అని ఎక్స్‌రే యంత్రం తలచుట్టూ ఒకసారి తిరుగుతుంది. 1990ల చివర్లో ఇటలీలోని వెరోనాలో మొదలైందిది. ఇక్కడ త్రికోణాలుండవు, బుల్లి బుల్లి ఘనాలు. ఒక్కో ఘనం పక్క సాధారణంగా 0.2 నుంచి 0.4 మిల్లీమీటర్లు. పన్ను వేరుకీ ఎముకకీ మధ్య ఒక పల్చటి పొర ఉంటుంది, అదీ సుమారుగా 0.2 మిల్లీమీటర్లే. అంటే హద్దు మొత్తం ఒక్క ఘనంలో మునిగిపోతుంది. హద్దే కనపడని చోట హద్దు గీయమంటే ఎవరైనా ఏం గీస్తారు? పైగా వేరూ ఎముకా ఇంచుమించు ఒకే బూడిదరంగు. పేషెంటు నోట్లో పాత వెండి సిమెంటో లోహపు తొడుగో ఉందంటే బొమ్మంతా చారలు. పళ్ళు బిగించి తీయించుకుంటే పైపన్నూ కిందిపన్నూ కలిసిపోయి ఒకటే అంటుంది. ఇన్ని చిక్కులున్నా ఇప్పటి యంత్రాలు వేరు చివరిదాకా విడదీసి చూపిస్తున్నాయి. పళ్ళు కట్టేవాడికి అది వరమే. మా కాలంలో వేరు ఎటు వంగిందో ప్లాస్టరుకి తెలీదు, మాకూ తెలీదు. తెలియనిదాని గురించి బెంగ ఉండేది కాదు. హాయిగా నిద్రపోయేవాళ్ళం.

ఎక్స్‌రే అంటే గుర్తొచ్చింది. రాంట్‌జెన్ 1895 చివర్లో ఆ కిరణాలు కనిపెట్టిన కొద్దివారాలకే జర్మనీలో వాల్కోఫ్ అనే దంతవైద్యుడు తన పళ్ళకే ఎక్స్‌రే తీసుకున్నాడు. ఎంతసేపనుకున్నావ్? 25 నిమిషాలు! కదలకుండా! అదీ ఓపికంటే. మా పిల్ల ల్యాబులో చక్రం కాసేపు ఎక్కువ తిరిగితే "సర్వర్ స్లో" అని నిట్టూరుస్తారు. సరే, ఆ ఓపిక గురించి మరీ గట్టిగా మాట్లాడకూడదులే. న్యూ ఆర్లియన్స్‌లో కెల్స్ అనే దంతవైద్యుడు ఆ రోజుల్లో ఎక్స్‌రేల పని చేసి చేసి వేళ్ళే పోగొట్టుకున్నాడు.

కొలతల సంగతి కూడా చెప్పి ఆపుతాను. 1958లో బోల్టన్ అనే ఆయన ఒక లెక్క ఇచ్చాడు. కింది పన్నెండు పళ్ళ వెడల్పులు కూడి, పై పన్నెండింటి మొత్తంతో భాగించి, నూటితో హెచ్చిస్తే 91.3కి దగ్గరగా రావాలి. ముందు ఆరేసి పళ్ళకే అయితే 77.2. అలా ఉంటే పైవరసా కిందివరసా చక్కగా కుదురుతాయి. మేం డివైడరుతో ఒక్కో పన్నూ కొలిచి, సిగరెట్ పెట్టె వెనకాల కూడికలూ భాగహారాలూ చేసేవాళ్ళం. ఒకే దవడని ఇద్దరం కొలిస్తే ఇద్దరికీ వేరువేరు లెక్క వచ్చేది. దానిమీద వాదన, వాదన మధ్యలో ఉస్మానియా బిస్కెట్లు, చివరికి సీనియర్ లెక్కే ఒప్పు. ఇప్పుడు పళ్ళు విడిపోగానే తెరమీద ఒక మూల ఆ అంకె దానంతటదే వచ్చి కూర్చుంటుంది. ఎన్నిసార్లు నొక్కినా అదే అంకె. వాదించడానికి ఏమీ మిగల్చలేదు. ఇలా ఉంటే ల్యాబులో మనుషులు ఒకరితో ఒకరు ఏం మాట్లాడుకుంటారు?

మా ఇంట్లో మంచం కింద అట్టపెట్టెలో పాత ప్లాస్టరు దవడలు కొన్ని దాచుకున్నాను. మా ఆవిడ ఏటా దసరాకి ఇల్లు సర్దేటప్పుడు వాటిని పారేస్తానని బెదిరిస్తుంది. ఎవరివని అడిగితే చెప్పలేను, పెన్సిలు రాతలు చెరిగిపోయాయి. మా మనవరాలి ల్యాబులో ఫైలుకి పేరు, తేదీ, డాక్టరు, అన్నీ ఉంటాయి. ఉంటే ఉండనీ. దుమ్ము దులుపుదామంటే దానికి దుమ్మేదీ?

ఇక నీకో మాట, అబ్బాయ్. రంపం పట్టమని చెప్పను, చెప్పినా పట్టవు. యంత్రం పళ్ళకి రంగులేసి ఇచ్చాక మాత్రం ఆ దవడని ఒకసారి అన్నివైపులా తిప్పి చూడు. చివరి దవడపన్ను వెనకవైపు చిగురు గీత ఎక్కడికి పోయిందో చూడు. కిక్కిరిసిన కింది ముందుపళ్ళ సందుల్ని పెద్దవి చేసి చూడు. పన్ను తీయించుకున్న నోరైతే నెంబర్లు ఒకటొకటిగా లెక్కపెట్టు, పక్కన పేషెంటు కార్డు తెరిచి పెట్టుకో. అప్పుడు నొక్కు అప్రూవ్.